నూట ఎనభై డిగ్రీలు

ఓవెన్ తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. గ్లెనిస్ ట్రాంటర్ తల కాస్త పక్కకు తిప్పుకుని, మోచేతుల దాకా ఉన్న మందపాటి తొడుగులతో మొదటి అర బయటికి లాగింది. రాత్రంతా కాలిన సీసాలు మూతుల మీద సిల్వర్ ఫాయిల్ టోపీలతో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క సీసానీ భుజం దగ్గర పట్టుకుని ట్రాలీ మీదికి చేర్చింది. మూతి దగ్గర మాత్రం పట్టుకోదు. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

ఓవెన్ పక్కన గోడకి గుండ్రటి పెట్టె ఒకటి బిగించి ఉంది. దాంట్లో పళ్ళెమంత కాయితం రోజుకొక చుట్టు తిరుగుతుంది. సన్నటి కలం ఆ కాయితం మీద లోపలి వేడి ఎంతో ఎర్ర సిరాతో గీస్తూ పోతుంది. వేడి పెరిగేకొద్దీ గీత అంచు వైపు జరుగుతుంది. గ్లెనిస్ నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కుని గీత చూసింది. ఎనిమిది గంటల పాటు నూట ఎనభై, ఎక్కడా వణుకు లేదు. కాయితం ఊడదీసి, నడిమధ్య పెన్సిల్‌తో తేదీ వేసి, పక్కన జి.టి. అని రాసి, అట్టపెట్టెలో పెట్టింది. అలాంటి అట్టపెట్టెలు బల్ల కింద పంతొమ్మిది ఉన్నాయి. కొత్త కాయితం తగిలించడానికి వంగినప్పుడు కోటు జేబులో మడిచిపెట్టిన ఫారం కరకరలాడింది. అంతే, పొద్దున ఆరు గంటలకే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫారం నిన్న సాయంత్రం ఆమె ఉత్తరాల గూట్లోకి వచ్చింది. మూడో విడత ఆర్‌ఎన్‌ఏ పాడైపోవడానికి కారణం ఏమిటి అన్న గడిలో ముందే టైపు చేసి పెట్టారు: 'తగినంతగా కాల్చని గాజు సామాను.' దాని కింద ఆమె సంతకానికి చుక్కల గీత. పక్కన అంటించిన పసుప్పచ్చ చీటీ మీద డాక్టర్ అలిస్టర్ పెన్‌హేల్ తన అందమైన చేతిరాతతో రాశాడు: 'ఊరికే లాంఛనం, గ్లెనిస్. రేపు నాలుగింటిలోగా ఇచ్చెయ్.'

"లాంఛనమట, లాంఛనం!" అంది గ్లెనిస్ పైకే. ఆ వేళప్పుడు వినడానికి సీసాలు తప్ప ఎవరూ ఉండరు.

వాటిల్ క్రీక్ పరిశోధన కేంద్రంలో జరిగే పని మాటల్లో చెప్పుకుంటే చిన్నదే. టమాటా ఆకు రసం పీల్చే తెల్లదోమ ఒంట్లో నీటిని అదుపులో ఉంచే జన్యువు ఒకటి ఉంది. ఆ ఒక్క జన్యువునీ పని చెయ్యనివ్వకుండా ఆపే ఆర్‌ఎన్‌ఏని థుయ్ అనే అమ్మాయి కట్టింది. రెండు పేటల తాడులాంటిది. ఆకు మీద చల్లితే రసంతో పాటు దోమ దాన్ని కూడా తాగుతుంది, తాగి నాలుగు రోజుల్లో ఎండి చస్తుంది. తేనెటీగకి ఏమీ కాదు, మనిషికి ఏమీ కాదు. పురుగుమందులు కొట్టీ కొట్టీ విసిగిపోయిన లోయ రైతులు రెండేళ్ళుగా దీని కోసమే కాచుకుని కూర్చున్నారు. అయితే రెండు పేటలూ విడివిడిగా ఉన్నంతసేపూ ఆ ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. మనిషి వేలి చెమటలో దాన్ని కొరికి ముక్కలు చేసే పదార్థం ఉంటుంది. ఆ పదార్థం మరిగే నీళ్ళలో వేసినా పోదు. రాత్రంతా నూట ఎనభైలో కాలిస్తేనే దాని పీడ విరగడవుతుంది. ఆ కాల్చే పని గ్లెనిస్‌ది.

మూడు నెలల పనికని వచ్చింది, ముప్ఫయ్యైదో ఏట. అప్పటి పెద్దావిడ డాక్టర్ ఎడిత్ క్రౌథర్ మొదటి రోజే ఆమె మణికట్టు పట్టుకుని చేతిని పైకెత్తి చూపించింది. "ఈ గదిలో నీకున్న శత్రువు ఇదొక్కటే" అంది. ఇంకో అలవాటు కూడా నేర్పింది. కాల్చిన ప్రతి విడతలోంచి ఒక సీసాని ఫాయిల్ విప్పకుండా ఆర్నెల్లు దాచాలి. "ఎప్పుడో ఒకరోజు నీ మాట ఎవరూ నమ్మరు గ్లెనిస్. ఆ రోజు నీ తరఫున ఈ సీసా మాట్లాడుతుంది" అనేది. ఆవిడ పోయి పద్నాలుగేళ్ళయింది. సాక్షి సీసాలు మాత్రం పై అరలో తేదీల వారీగా ఉంటూనే వచ్చాయి, ఒక్కసారి కూడా ఎవరికీ పనికిరాకుండా.

ఆమె పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, పొట్టిగా కత్తిరించుకున్న బూడిదరంగు జుట్టు. ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వదు. అన్నిటికన్నా ముందు చూసేవాళ్ళ కంట్లో పడేవి చేతులు. రోజంతా గ్లౌజుల్లో నాని నాని మణికట్ల దాకా ఎర్రగా పగిలిపోయి ఉంటాయి. ఇంట్లో కూడా రొట్టె ముక్కని ఫోర్కుతోనే ఎత్తేది. పాల ట్యాంకరు నడిపే మొగుడు లెస్ అది చూసి పగలబడి నవ్వేవాడు. "నన్నయినా ఉత్త చేత్తో ముట్టుకుంటావా, లేకపోతే గ్లౌజులు తెచ్చిపెట్టమంటావా?" అనేవాడు. అతను టూవూంబా ఆసుపత్రిలో ఆఖరి రెండు రోజులు ఉన్నప్పుడు నర్సు మంచం మీద గ్లౌజుల పెట్టె పెట్టి వెళ్ళింది. గ్లెనిస్ ఆ పెట్టెని విసిరి మూలకి కొట్టింది. రెండు రోజులూ అతని చెయ్యి వదల్లేదు. ఆరేళ్ళయింది.

పది గంటల టీకి క్లారీ వచ్చాడు. గ్లాస్‌హౌస్ మొక్కలన్నీ చూసేది అతనే. రబ్బరు గమ్‌బూట్లు గుమ్మం బయట విడిచి, బొటనవేలు బయటపడిన సాక్సులతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏవమ్మా గ్లెన్, మొహం అట్లా మాడిన టోస్టులాగా పెట్టావేం?"

"పొద్దున్నే నీ మొహం చూశాను కదా, ఇంకెట్లా ఉంటుంది!"

"ఫారం గొడవేనా? సంతకం గీకి పారెయ్. శుక్రవారం లామింగ్టన్ కేకులు తిని, కార్డు పుచ్చుకుని, హాయిగా ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చో. వాళ్ళతో మనకెందుకొచ్చిన తలనొప్పి?"

"కార్డు మాట ఇంకోసారి ఎత్తావంటే ఈ టీ తీసుకెళ్ళి నీ నెత్తిన పోస్తాను, క్లారీ."

క్లారీ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఆ కార్డు సంగతి తలుచుకుంటే ఎవరికైనా తల కొట్టేసినట్టు ఉంటుంది. పోయిన వారం కవరొకటి గ్లెనిస్ గూట్లోకి వచ్చింది. పైన అందరి పేర్లూ ఉన్న చీటీ, రాసినవాళ్ళు టిక్కు పెట్టి పక్కవాళ్ళకి అందించాలని. లోపల వీడ్కోలు కార్డు. 'మీరు లేని వాటిల్ క్రీక్‌ని ఊహించలేం గ్లెనిస్' అని పదకొండు మంది రాసి ఉన్నారు. ఆఫీసులో ఆ పేర్ల చీటీ తయారుచేసిన మహానుభావులెవరో గానీ అలవాటు కొద్దీ అందరి పేర్లతో పాటు ఆమె పేరు కూడా వేసేశారు. సీసాలు కాల్చే గది మూసేస్తున్నారనీ, ఇకనుంచి శుద్ధి చేసిన ప్లాస్టిక్ సీసాలు పెట్టెల్లో కొని తెప్పిస్తారనీ, శుక్రవారమే తన ఆఖరి రోజనీ ఆమెకి మొట్టమొదట తెలిసింది ఆ కార్డు వల్లే. గ్లెనిస్ తన పేరు ఎదురుగా టిక్కు పెట్టి కవరు క్లారీ గూట్లో పడేసింది. ఏమీ రాయలేదు. ఏం రాస్తుంది?

పని పోవడం ఒక ఎత్తు. అరవై రెండేళ్ళొచ్చాయి, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. కానీ ఇరవై ఏడేళ్ళు రాత్రి రాత్రికీ కాల్చిన మనిషి చేతనే, 'నేను సరిగ్గా కాల్చలేదు' అని సంతకం పెట్టించుకుని పంపుతారా? అది ఆమెకి మింగుడు పడలేదు.

టీ అయ్యాక గ్లెనిస్ వెళ్ళి థుయ్ పనిచేసే ల్యాబు గుమ్మంలో నిలబడింది. థుయ్‌ది బ్రిస్బేన్‌లో స్థిరపడిన వియత్నాం కుటుంబం. సన్నగా, ఎప్పుడూ పరుగు మీద ఉండే మనిషి. అక్కడ అందరూ అందరినీ పేరు పెట్టే పిలుచుకుంటారు గానీ, థుయ్‌కి పెద్దవాళ్ళని అట్లా పిలవడానికి నోరు రాదు.

"ఏంటి ఆంటీ?"

"నాకో పని చేసిపెట్టు." గ్లెనిస్ ఫాయిల్ టోపీ ఉన్న సీసా ఒకటి ముందుకు చాపింది. టోపీ మీద పెన్సిల్ తేదీ, ఫిబ్రవరి పది. "పాడైన మూడో విడత పోసింది ఈ కాల్పులోని సీసాలోనే. ఇది దాని తోబుట్టువు, అప్పట్నుంచీ మూత తియ్యలేదు. మంచి ఆర్‌ఎన్‌ఏ కాస్త దీంట్లో పోసి, గంట వెచ్చగా ఉంచి, జెల్ మీద నడిపి ముక్కలైందో లేదో చూడు. పక్కనే మూడో విడతలో మిగిలిన అడుగు కూడా నడుపు."

థుయ్ సీసా అందుకోలేదు. "ఆంటీ... నా కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది. పొడిగించాల్సింది ఆయనే."

"నీ పేరు ఎక్కడా రానివ్వను. ఫొటో ఒకటి తీసివ్వు చాలు."

"గాజు బాగానే ఉందని తేలిందనుకోండి. మరి ఎట్లా పాడైనట్టు?"

 ఆరు వారాలుగా ఈ ప్రశ్నకి జవాబే గ్లెనిస్‌ని పీక్కుతింటోంది. చివరికి చెప్పింది. ఆ రోజు థుయ్ ఐసు తేవడానికి కిందికి వెళ్ళింది. పెన్‌హేల్ ఈ పనికి డబ్బిచ్చే రైతుల బోర్డు పెద్దల్ని వెంటేసుకుని వచ్చాడు. బల్ల మీద విడి పేటలున్న సీసా ఉంది. ఫాయిల్ తీసి పక్కన పడేసి, చూపుడువేలు మూతిలో దూర్చి సీసాని పైకెత్తి, దీపం ముందు ఊపి చూపించాడు. 'మన లోయ భవిష్యత్తు ఇదిగో, ఈ సీసాలో ఉంది' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్లెనిస్ ట్రాలీతో ఇదే గుమ్మంలో నిలబడి ఉంది.

"మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంతమంది కోటు వేసుకున్న పెద్దమనుషుల ముందు సీసాలు కడిగేదాన్ని, నేనేం చెప్తాననుకున్నాను."

థుయ్ మొహం తెల్లబోయింది. "అయ్యో ఆంటీ! ఆ రోజే నాతో ఒక్క మాట అని ఉంటే ఆ విడత పారబోసి వారంలో మళ్ళీ చేసుకునేదాన్ని కదా! నాలుగు వారాలు మొక్కలకి చల్లాను. రెండు వందల మొక్కలు. నా లెక్కలో తప్పుందేమోనని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా మీకు?"

"ఇప్పుడు తెలిసింది" అంది గ్లెనిస్. థుయ్ సీసా తీసుకుని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

గ్లెనిస్ తొట్టి దగ్గరికి వెళ్ళి బ్రష్షు అందుకుంది. ఒక్కొక్క ఫ్లాస్కునీ పగలగొట్టేటంత జోరుగా తోమింది. పెన్‌హేల్ మీద కోపం, ఆఫీసు మీద కోపం, కార్డులో తీపి మాటలు రాసిన పదకొండు మంది మీదా కోపం. వాటన్నిటి కిందా తన మీద తనకే కోపం. నోరు ఉండి ఏం లాభం, తెరవాల్సిన రోజున తెరవకపోయాక! పది నిమిషాల్లో నీళ్ళు మోచేతుల దాకా చిమ్మి కోటు తడిసిపోయింది.

పన్నెండున్నరకి థుయ్ వచ్చి ఫొటో తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. మాటలతో పని లేదు. ఎడమ వైపు సాక్షి సీసాలో పోసిన ఆర్‌ఎన్‌ఏ చెక్కు చెదరకుండా ఒక్కటే గీతగా, కత్తితో కోసినట్టు మెరుస్తోంది. కుడి వైపు మూడో విడత ముక్కలైపోయి, పలక మీద సుద్దని అరచేత్తో తుడిచినట్టు కిందిదాకా అలికేసి ఉంది. క్రౌథర్ దొరసాని చెప్పిన రోజు వచ్చింది. సీసా మాట్లాడింది. గ్లెనిస్ చేతులు తుడుచుకుని, ఎడమ మోకాలు తిట్టుకుంటూ మేడ మీదికి ఎక్కింది.

పెన్‌హేల్ కమలాపండు వొలుచుకుంటున్నాడు. పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన మెడ, నలగని నార చొక్కా. ఆ ఏటి తొలి కమలాలు, గదంతా ఘుమఘుమలాడుతోంది.

"రా, గ్లెనిస్, రా! తొన తింటావా?"

ఆమె ఫొటో బల్ల మీద పెట్టింది. "నా గాజు శుభ్రంగా ఉంది. చూడండి."

అతను చూశాడు. తలూపాడు. "శ్రద్ధగా చేశావు. నీ పనంటే అందుకే నాకు ముచ్చట."

"ఆ రోజు సీసా ఉత్త చేత్తో తీసింది మీరు, అలిస్టర్. మూతిలో వేలు పెట్టారు. నేను చూశాను."

"పెట్టానా? నాకు గుర్తు లేదే." తొన నోట్లో వేసుకున్నాడు. "సరే, పెట్టాననే అనుకుందాం. నువ్వు అక్కడే ఉన్నావు, చూశావు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

 ఎన్ని ప్రశ్నలకైనా జవాబులు సిద్ధం చేసుకుని మెట్లెక్కింది గ్లెనిస్, ఈ ఒక్కదానికి తప్ప. ఆ సంగతి అతనికి కూడా తెలుసు.

"చూడు, అందులో నీ పేరెక్కడుంది? గాజు సామాను అని ఉంది, అంతే. గాజు నొచ్చుకోదుగా!" నవ్వాడు. "బోర్డుకి ఏదో ఒక కారణం చెప్పాలి. డాక్టరే వేలు పెట్టి చెడగొట్టాడని రాస్తే ఈ పథకం ఎత్తేస్తారు. థుయ్ ఉద్యోగం ఊడుతుంది. నీకు కావలసింది అదేనా? నాలుగింటిలోగా ఇచ్చెయ్, గ్లెనిస్. రెండింటికి రైతులొస్తున్నారు, నాకు బోలెడు పనుంది."

అంటూ ఆ కమలా తొక్కలు ఆమె ఫొటో మీదే పోగు పెట్టాడు. కావాలని చేసిన పని కూడా కాదది. చేతికి దగ్గరగా ఉన్న కాయితం అదే అయింది. ఆ సంగతే ఆమెని నిలువునా దహించింది. కావాలని చేసి ఉంటే కనీసం తనొక మనిషినని లెక్కలో పెట్టుకున్నట్టయినా ఉండేది.

మెట్లు దిగుతూ పళ్ళు నూరింది. ఇక్కడ అందరూ సమానమట! పేరు పెట్టి పిలుచుకోవడానికి సమానం, లామింగ్టన్లు తినడానికి సమానం. నింద మొయ్యాల్సి వచ్చినప్పుడు మాత్రం నేల మీద నిలబడేవాళ్ళు వేరు, మేడ మీద కూర్చునేవాళ్ళు వేరు!

రెండింటికి ల్యాబులో ఆరుగురు రైతులు గోడవారగా నిలబడ్డారు. టోపీలు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ చెయ్యి తగులుతుందో అన్నట్టు ఒదిగి ఉన్నారు. వాళ్ళ ముందు మిసెస్ ఫోగార్టీ, డెబ్భై దాటిన మనిషి, నూట ఇరవై ఎకరాల టమాటా తోట. పరీక్షకి పొలం ఇస్తానన్నది ఆవిడే. గ్లౌజుల్లేకుండా ముట్టుకోకూడదని ఎర్ర టేపు అంటించిన బల్ల మీద కొత్త ప్లాస్టిక్ సీసాలో నాలుగో విడత ఉంది, రెండు పేటలూ ఇంకా కలపకుండా. మూడింటికి కలపాలి. థుయ్ గ్లౌజులతో పక్కన నిలబడి ఉంది, చూపు సీసా మీదే. గ్లెనిస్ ట్రాలీ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది, ఫిబ్రవరిలో ఆగిన చోటే.

"పోయినసారి మా గాజు మమ్మల్ని ముంచింది" అంటున్నాడు పెన్‌హేల్. "ఇక ఆ బెంగ లేదు. అంతా కొత్త ప్లాస్టిక్. ఇదిగో, మీరే చూడండి, మన లోయ భవిష్యత్తు..."

అంటూ చెయ్యి చాపాడు. ఉత్త చెయ్యి. గోళ్ళ సందుల్లో కమలా పసుపు ఇంకా పోలేదు.

ఆ క్షణంలో గ్లెనిస్‌కి అంతా స్పష్టంగా కనిపించింది. ఊరుకుంటే చాలు. మళ్ళీ వేలు పెడతాడు, మళ్ళీ పాడవుతుంది. ఈసారి గాజు లేదు, ఓవెన్ లేదు, నింద వెయ్యడానికి ఆమె ఉండదు. ఇరవై ఏడేళ్ళ పేరు దానంతటదే కడిగిన సీసాలా తేటపడుతుంది. అరిస్తేనో, ఈ విడత బతుకుతుంది. బతికితే ఏమంటారు? చూశారా, ప్లాస్టిక్ వచ్చింది, పీడ వదిలింది, తప్పంతా ఆ గాజుదేనన్నమాట అంటారు. తన పేరుకి అంటిన మసి ఇక ఎన్నటికీ వదలదు. ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు కూడా. అవతల థుయ్ కళ్ళు పెద్దవయ్యాయి, నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. ఆ మింగుడు గ్లెనిస్‌కి బాగా తెలుసు.

"చెయ్యి తియ్యి!"

గ్లెనిస్ కేకకి ల్యాబు అద్దాలు అదిరాయి. పెన్‌హేల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రైతుల్లో ఒకడి టోపీ జారి కింద పడింది. గ్లెనిస్ ట్రాలీని వదిలేసి గబగబా వచ్చి, అతనికీ బల్లకీ మధ్య నిలబడింది.

"సిగ్గుందా నీకు? డాక్టరువి కదా! ఎర్ర టేపు ఎందుకు వేశారనుకున్నావు, బల్లకి అందంగా ఉంటుందనా? గ్లౌజులు తొడుక్కో, లేకపోతే ఇవతలికి రా!"

"గ్లెనిస్..." అన్నాడు అతను, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ.

"ఏంటమ్మా అంత ప్రమాదం?" అంది మిసెస్ ఫోగార్టీ. "విషమా ఏంటి?"

"విషం సీసాలో లేదండీ, వేలికి ఉంది. మీ వేలికీ ఉంది, నా వేలికీ ఉంది. చెమట తగిలిందంటే దాంట్లోది తునాతునకలైపోతుంది. తర్వాత మీరు చల్లుకునేది ఉత్త నీళ్ళు."

ముసలావిడ పెన్‌హేల్ చేతిని చూసింది, సీసాని చూసింది. నలభై పంటలు బేరమాడి అమ్మిన మనిషి కళ్ళు అవి. "మరి పోయినసారో? ఇట్లాగే పట్టుకుని చూపించారని మా బోర్డాయన చెప్పినట్టు గుర్తు."

 పెన్‌హేల్ థుయ్ వైపు చూశాడు. థుయ్ తల వంచుకుంది. గ్లెనిస్‌కి ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. వచ్చినంత వేగంగా అది తన మీదికే తిరిగింది.

"పోయినసారి నేను అరవలేదండీ" అంది. "చూశాను. నోరు మూసుకున్నాను. అదీ జరిగింది."

పెన్‌హేల్ గట్టిగా నవ్వేశాడు. "మా గ్లెనిస్ ఈ ల్యాబుకి అమ్మమ్మ లాంటిది. మమ్మల్నందరినీ ఇట్లా చీవాట్లు పెడుతూనే ఉంటుంది. పదండి, గ్లాస్‌హౌస్ చూపిస్తాను." రైతులు కదిలారు. మిసెస్ ఫోగార్టీ మాత్రం వెళ్తూ వెళ్తూ గ్లెనిస్ ముందు ఆగి, చెయ్యి చాపబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, తలూపి వెళ్ళింది.

మూడింటికి థుయ్ రెండు పేటలూ కలిపింది. ఇక ఏ వేలు తగిలినా అది అంత తేలిగ్గా పాడవదు. కలుపుతున్నంతసేపూ ఆమె కన్నీళ్ళు సీసాలో పడకుండా మొహం పక్కకి తిప్పుకోవలసి వచ్చింది. తర్వాత కాల్చే గది గుమ్మం దాకా వచ్చింది.

"నేను చెప్పాల్సింది, ఆంటీ."

"అవును, చెప్పాల్సింది" అంది గ్లెనిస్. "నీ పెన్ను ఇట్లా ఇవ్వు."

ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసే మనిషి. స్పిరిటు తగిలితే సిరా పోతుంది, పెన్సిల్ పోదు. కానీ ఆ ఫారం దగ్గరికి స్పిరిటు రాదు, రబ్బరు వస్తుంది. టైపు చేసిన మాటల్ని అడ్డంగా కొట్టేసి పైన రాసింది: 'ఫిబ్రవరి 11, ఉదయం పదీ నలభై. డాక్టర్ పెన్‌హేల్ ఉత్త చేత్తో సీసా తీసి మూతిలో వేలు పెట్టారు. నేను చూశాను, చెప్పలేదు. ఓవెన్ నూట ఎనభైలో ఎనిమిది గంటలు ఉంది, కాయితం జత చేశాను.' కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. బల్ల కింది అట్టపెట్టెలోంచి ఆ నాటి గుండ్రటి కాయితం తీసి గుచ్చింది. రెండు నకళ్ళు తీసి, ఒకటి డాక్టర్ గూట్లో పడేసి, ఇంకొకటి బోర్డు ఆఫీసుకి పోయే ఉత్తరాల సంచిలో వేసింది. నాలుగయింది.

ఆ తర్వాత రోజూ చేసే పనే చేసింది. కడిగి ఆరబెట్టిన సీసాలకి ఫాయిల్ టోపీలు పెట్టింది, వరసగా అరల్లో పేర్చింది. ఓవెన్ తలుపు మూసి, ముల్లు నూట ఎనభైకి, గడియారం ఎనిమిది గంటలకి తిప్పింది. కొత్త కాయితం సరిగ్గా కూర్చుందో లేదో చూసి, నడుమ తేదీ, జి.టి. అని పెన్సిల్‌తో రాసింది. ఆ సీసాలు ఎవరికీ అక్కర్లేదని ఆమెకి తెలుసు. మురికి సామాను వదిలేసి పోవడం ఆమెకి చేతకాదు, అంతే. గ్లౌజులు విప్పి చెత్తబుట్టలో వేసి, కోటు మేకుకి తగిలించి, లెస్ వదిలిపోయిన పాత యూట్ ట్రక్కు ఎక్కి గేటు దాటింది. గేటు పక్క కంచె మీద గలా పిట్టలు గోల చేస్తున్నాయి.

మర్నాడు రాలేదు. మిగిలిన సెలవులు వాడుకుంటున్నానని ఆఫీసుకి ఫోన్ చేసిందట. శుక్రవారం లామింగ్టన్లు ఆమె లేకుండానే అయిపోయాయి. తర్వాతి వారాల్లో నాలుగో విడత దివ్యంగా పనిచేసింది. తెల్లదోమలు ఆకుల కింద ఎండి రాలాయి. ప్లాస్టిక్ సీసాలకి మారాక సమస్య తీరిపోయిందని పెన్‌హేల్ నివేదికలో రాశాడు, ఆమె అనుకున్నట్టే. బోర్డు సంచిలో వెళ్ళిన కాయితం సంగతి ఎవరూ ఎత్తలేదు. మిసెస్ ఫోగార్టీ మాత్రం పొలం ఇస్తూ ఒక షరతు పెట్టింది: సీసా ముట్టుకునేది థుయ్ ఒక్కతే, డాక్టరు గట్టు మీదే నిలబడాలి.

వీటన్నిటికీ ముందే, ఆ శుక్రవారం తర్వాత వచ్చిన సోమవారం, థుయ్ కాల్చే గది తలుపు తీసింది. ఓవెన్‌లో సీసాలు చల్లారిపోయి, టోపీలతో వరసగా అలాగే ఉన్నాయి. గోడ మీది పెట్టెలో కాయితం మార్చడం ఎవరికీ తోచలేదు. కాయితం కలం కింద ఆగకుండా తిరుగుతూనే ఉంది. చల్లబడ్డ ఓవెన్ వేడిని కలం గీసిన చోటే మళ్ళీ మళ్ళీ గీసి, నడుమ జి.టి. అన్న అక్షరాల చుట్టూ ఎర్రటి లావుపాటి వలయం అలికింది. ఆ వలయానికి అవతల, కాయితం అంచు దగ్గర, ఒక్క రాత్రి నూట ఎనభై గీత సన్నగా, వణుకు లేకుండా ఉంది.